బొమ్మలో బీరకాయ, చేతిలో బీరకాయ

ఏడాది నిండని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల్లి బొమ్మల పుస్తకం తెరుస్తుంది. చూడటానికి ఇంతకంటే మామూలు దృశ్యం లేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు అనత్ నినియో, జెరోమ్ బ్రూనర్ ఈ మామూలు దృశ్యాన్నే నెలల తరబడి రికార్డు చేసి, మాట మాటా రాసుకుని పరిశీలించారు. ఒకే తల్లి, ఒకే బిడ్డ. బిడ్డకు 8 నెలలున్నప్పటి నుంచి ఏడాదిన్నర వచ్చేదాకా సాగిన పరిశీలన అది. 1978లో అచ్చయిన వారి పత్రం ప్రకారం ఆ తల్లి మాటల్లో నాలుగు మెట్లు మళ్లీ మళ్లీ కనిపించాయి. ముందు ‘ఇదిగో చూడు’ అంటూ బిడ్డ చూపును బొమ్మ మీదికి తేవడం. తర్వాత ‘ఇదేంటి?’ అని అడగడం. ఆపైన దాని పేరు చెప్పడం. చివరగా బిడ్డ ఏం చేసినా ‘అవును’ అంటూ అందుకోవడం. ఆ బిడ్డకు ఇంకా మాటలు రావు. అయినా నవ్వినా, వేలు పెట్టినా, ‘ఊఁ’ అన్నా తల్లి దాన్ని జవాబుగానే తీసుకుంది. బిడ్డకు నోరు తిరిగేకొద్దీ ఆమె కూడా పట్టు బిగించింది. నిన్నటిదాకా ‘ఊఁ’ అంటే సరిపోయేది, ఇవాళ పేరులాంటిదేదో వినిపిస్తేనే పేజీ తిప్పుతుంది.

కూరగాయల బుట్ట ముందు కూర్చున్న ఏ అమ్మమ్మ మాటలు విన్నా ఈ నాలుగు మెట్లూ వరసగా వినిపిస్తాయి. ‘ఇటు చూడు బంగారం’, ‘ఇదేంటమ్మా?’, ‘బీరకాయ’, ‘ఆఁ, బీరకాయే! గరుగ్గా ఉందా?’ ఈ వ్యాసం చెప్పదలచింది ఆ రెండు చోట్ల మధ్య ఉన్న చుట్టరికం గురించే. బొమ్మల పుస్తకాన్ని చదువు కిందా, వంటను పని కిందా జమకట్టడం మనకు అలవాటు. ఒకటి పిల్లల కోసం, రెండోది పిల్లలు అడ్డం రాకుండా చేసుకోవాల్సింది. రెండు నుంచి ఆరేళ్ల మధ్య వయసు బిడ్డకు ఈ విభజనతో పనిలేదు. పుస్తకంలోని బొమ్మ, చేతిలోని వస్తువు, ఆ రెండింటి గురించి పెద్దవాళ్లు తనతో ఆడే మాట, ఈ మూడూ ఒకే పూటలో కలిసినప్పుడు బిడ్డ నేర్చుకున్నది నిలుస్తుంది. నా వాదన అంతే. పరిశోధన చాలావరకు దీన్ని బలపరుస్తోంది. ఎక్కడ అంతగా బలపరచడం లేదో కూడా దాచకుండా చెప్పాలి.

ముందుగా, బొమ్మ అంటే ఏమిటో బిడ్డకు పుట్టుకతో తెలియదు. అమెరికా శాస్త్రవేత్త జూడీ డిలోచ్ బృందం 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, 9 నెలల పిల్లల ముందు వస్తువుల రంగుల ఫొటోలున్న పుస్తకం పెట్టారు. పిల్లలు ఆ ఫొటోను తడిమారు, రుద్దారు, కాగితం మీంచి వస్తువును ఊడబెరకడానికి చూశారు. పుస్తకాలు ఇంటినిండా ఉండే అమెరికాలోనే కాదు, బొమ్మల పుస్తకాలు అరుదైన ఐవరీ కోస్ట్ పల్లెల్లోని పసివాళ్లూ అదే పని చేశారు. 19 నెలలు వచ్చేసరికి అమెరికా పిల్లల్లో ఈ తడమడం దాదాపుగా పోయి, వేలు పెట్టి చూపించడం మొదలైంది. ఈ పది నెలల్లో పసి మెదడు సాధించింది చిన్న విషయం కాదు. కాగితం మీద ఉన్నది తినడానికి, పట్టుకోవడానికి పనికిరాదు, కానీ అది ఎక్కడో ఉన్న మరో దానికి గుర్తు. తర్వాతి కాలంలో అక్షరం, అంకె, పటం, గ్రాఫు అన్నీ ఈ గ్రహింపు మీదే నిలబడతాయి.

గుర్తు అని తెలిసినంత మాత్రాన పుస్తకంలో చూసింది బయట కనిపిస్తే బిడ్డ పోల్చుకుంటుందా? పాట్రీషియా గేనియా, డిలోచ్ తదితరులు 2008లో 15, 18 నెలల పిల్లలతో ఈ సంగతే పరీక్షించారు. పుస్తకంలో ఒక కొత్త వస్తువు బొమ్మ చూపించి పేరు నేర్పారు. తర్వాత అసలు వస్తువును ఎదురుగా పెట్టి అడిగారు. పిల్లలు పోల్చుకున్నారు. అయితే ఫొటోలో గాని, ఉన్నదున్నట్టు గీసిన బొమ్మలో గాని చూసినవారు తేలిగ్గా పోల్చుకున్నారు. కార్టూన్ బొమ్మలో చూసినవారికి అది కష్టమైంది. అదే పరిశోధకుల మరో పని ఇంకా ఆసక్తికరం. లాగితే లేచే బొమ్మలు, తిప్పితే తెరుచుకునే తలుపులు ఉన్న పుస్తకాల నుంచి పిల్లలు తక్కువ నేర్చుకున్నారు. చెయ్యి ఆటలో పడితే బొమ్మ మరో దానికి గుర్తు అన్న సంగతి వెనక్కి పోతుంది.

మన బజారులో దొరికే పిల్లల పుస్తకాల్లో వంకాయకు కళ్లు, టమాటాకు టోపీ, క్యారెట్‌కు బూట్లు తొడిగి ఉంటాయి. కథగా చదివి నవ్వుకోవడానికి అవి బాగానే ఉంటాయి, వాటిని వద్దనను. కానీ రెండేళ్ల బిడ్డకు వంకాయను పరిచయం చేయడానికి వంకాయలాంటి వంకాయ కావాలి: తొడిమ దగ్గర చిన్న ముళ్లు, నిగనిగలాడే చర్మం, కోస్తే లోపల చిన్నచిన్న లేత గింజలు. ఈ సంగతి మూడున్నర శతాబ్దాల కిందటే ఒక పెద్దాయనకు తట్టింది. చెక్ విద్యావేత్త కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చువేయించిన ‘ఆర్బిస్ పిక్టస్’ను పిల్లల కోసం వచ్చిన తొలి బొమ్మల పాఠ్యపుస్తకంగా చాలామంది చెబుతారు. లోకంలోని వస్తువులనూ వృత్తులనూ బొమ్మ గీసి, పేర్లు రాసి చూపిన పుస్తకం అది. అందులో రొట్టెలు కాల్చడానికి ఒక పాఠం, వంటకు ఒక పాఠం ఉన్నాయి. పిల్లల బొమ్మల పుస్తకం పుట్టినప్పుడే వంటింటిని వెంట తెచ్చుకుందన్నమాట.

ఇక భాష సంగతి. జెస్సికా మాంటాగ్, మైకేల్ జోన్స్, లిండా స్మిత్ 2015లో 100 బొమ్మల పుస్తకాల్లోని మాటలన్నీ ఏరి, పెద్దలు పసివాళ్లతో రోజువారీగా మాట్లాడే మాటలతో పోల్చి చూశారు. అంతే పరిమాణంలో తీసుకుంటే, పుస్తకాల్లో వేర్వేరు మాటల సంఖ్య సుమారు 1.7 రెట్లు ఎక్కువగా ఉంది. కారణం ఊహించదగ్గదే. ఇంట్లో మాటలు ఇంటి చుట్టూనే తిరుగుతాయి: రా, తిను, పడుకో, ముట్టుకోకు. పుస్తకం ఒక్క పేజీ తిప్పితే ఏనుగుల దగ్గరికో, ఎడారికో, సముద్రం మీదికో తీసుకుపోతుంది.

అలాగని పుస్తకం తెరిచి మొదటి నుంచి చివరిదాకా గడగడా చదివేస్తే చాలదు. న్యూయార్క్ రాష్ట్రంలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో మూలస్తంభం. అందులో పిల్లల వయసు సుమారు రెండు నుంచి మూడేళ్లు. తల్లిదండ్రులను రెండు జట్లు చేశారు. రెండు జట్లూ నెల రోజుల పాటు ఇంట్లో ఇంచుమించు ఒకే లెక్కన పుస్తకాలు చదివాయి. తేడా ఒక్కటే. ఒక జట్టుకు చదవడం తగ్గించి అడగడం పెంచమన్నారు. అదీ ‘ఇది కుక్కేనా?’ లాంటి అవును-కాదు ప్రశ్నలు కాదు, ‘ఇక్కడేం జరుగుతోంది?’, ‘ఇది దేనికి పనికొస్తుంది?’ లాంటివి. బిడ్డ ‘కుక్క’ అంటే, ‘అవును, నల్లకుక్క నీళ్లు తాగుతోంది’ అని దానికి కొంచెం చేర్చి తిరిగి ఇవ్వమన్నారు. నెల తిరిగేసరికి ఆ జట్టు పిల్లలు మాటతీరు పరీక్షల్లో రెండో జట్టు కంటే కనీసం 6 నెలలు ముందున్నారు. పుస్తకాలు అవే, గడిపిన సమయమూ దాదాపు అంతే. పెద్దవాళ్లు నోరు కాస్త తగ్గించి చెవి పెంచారు, మారింది అదొక్కటే.

ఆ ప్రయోగం తర్వాత ఇలాంటివి చాలా దేశాల్లో జరిగాయి. వాటన్నిటినీ కలిపి 2019లో క్లెయిర్ నోబుల్ బృందం ఇంగ్లండ్‌లో లెక్కగట్టింది. కలిసి చదవడం వల్ల మాటలకు మేలు ఉన్నా సగటున అది చిన్నదేనని తేలింది. పైగా, పోల్చడానికి తీసుకున్న రెండో జట్టు కూడా పిల్లలతో ఆటో, ఇంకేదైనా పనో కలిసి చేసిన ప్రయోగాల్లో తేడా దాదాపు కనిపించలేదు. ఈ ఫలితం కొందరిని నిరుత్సాహపరిచింది. నన్ను మాత్రం ఇది మరో ఆలోచన వైపు నడిపిస్తుంది. పుస్తకానికి ఒంటరిగా మహిమ లేదనీ, పెద్దవాళ్లూ బిడ్డా ఒకే దాని మీద మనసు పెట్టి మాట్లాడుకున్న ఆ కాసేపే అసలు సరుకనీ ఈ లెక్క సూచిస్తోంది. అలాంటి కాసేపు రోజూ దొరికే చోటు వంటిల్లు. ఎలాగూ వండాలి. ఎలాగూ బిడ్డ కాళ్లకు అడ్డం పడుతూనే ఉంటుంది.

వంటింట్లో దొరికే మాటల రకం కూడా వేరు. చిన్నపిల్లల పుస్తకాల్లో వస్తువుల పేర్లు పుష్కలం, చేతల పేర్లు తక్కువ. వంటలో చేతలే అన్నీ. చిక్కుడుకాయ ఈనె తీస్తాం, బఠాణీ ఒలుస్తాం, కొబ్బరి తురుముతాం, పిండి జల్లిస్తాం, పప్పు నానబెడతాం, రుబ్బుతాం, గంజి వారుస్తాం, పాలు తోడు పెడతాం. జల్లించడానికీ చెరగడానికీ తేడా మాటల్లో చెప్పి ఒప్పించడం కష్టం. చేటలో బియ్యం ఎగిరి పొట్టు అవతల పడటం ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోయేది లేదు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఇది మరీ వర్తిస్తుంది. బడి, ఆట, టీవీ అన్నీ ఇంగ్లీషులో నడిచే ఇళ్లలో తెలుగు క్రియలు రోజూ పనికొచ్చే చోటు పొయ్యి పక్కన తప్ప మరొకటి దాదాపుగా మిగలదు.

ఇప్పుడు తిండి దగ్గరకు వద్దాం. ఏడాదిన్నర దాకా ఏది పెడితే అది తిన్న బిడ్డ రెండేళ్లు వచ్చేసరికి పళ్లెం నెట్టేస్తుంది. కొత్త కూర కనిపిస్తే మూతి బిగించేస్తుంది. తల్లి తన వంటలోనో, పెంపకంలోనో లోపం ఉందని బాధపడుతుంది. నిజానికి ఇది ఎదుగుదలలో భాగం. సొంతంగా నడవడం, దొరికింది నోట్లో పెట్టుకోవడం మొదలైన వయసులో తెలియనిదాన్ని అనుమానించే బిడ్డకు విషపు కాయ తినే ప్రమాదం తక్కువ. అందుకే ఈ భయం పరిణామక్రమంలో మిగిలిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఇది బలంగా ఉంటుంది. భయం పోవడానికి మందు పరిచయమే. అమెరికాలో లియాన్ బర్చ్ బృందం 1982లో రెండేళ్ల పిల్లలకు కొన్ని కొత్త పదార్థాలను 2 సార్లు, మరికొన్నిటిని 5, 10, 15, 20 సార్లు రుచి చూపించింది. ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు. చాలా ఇళ్లలో మూడు నాలుగు సార్లు పెట్టి, ‘మావాడికి బీరకాయ పడదు’ అని తీర్పు చెప్పేస్తారు. తీర్పుకు అప్పటికి ఇంకా సాక్ష్యం చాలలేదు.

కానీ పదిహేను సార్లు నోటిదాకా తేవడం అంటే పదిహేను పూటల యుద్ధం. ఇక్కడే ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో కార్మెల్ హ్యూస్టన్-ప్రైస్ బృందం చేసిన పని నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. పరిచయం నాలుకతోనే మొదలవాలా, కంటితో మొదలుకాకూడదా అని వారు అడిగారు. 2014లో వెలువడిన వారి అధ్యయనంలో రెండేళ్లకు అటూఇటూగా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక్కో కూరగాయ గురించి చిన్న ఫొటోల పుస్తకం ఇచ్చారు. అది ఎక్కడ పెరుగుతుంది, అంగట్లో ఎలా ఉంటుంది, కోస్తే ఎలా ఉంటుంది, పళ్లెంలోకి ఎలా వస్తుంది అన్నవే పేజీలు. రెండు వారాల పాటు రోజూ కొన్ని నిమిషాలు బిడ్డతో కలిసి చూడమన్నారు. తర్వాత ఆ కూరగాయనూ, పుస్తకంలో లేని మరో కూరగాయనూ ఎదురుగా పెట్టారు. పుస్తకంలో చూసినదాన్ని పిల్లలు ఎక్కువగా చూశారు, ఎక్కువ ఇష్టంగా రుచి చూశారు. అప్పటిదాకా బిడ్డకు బొత్తిగా తెలియని కూరగాయల విషయంలో ఈ ప్రభావం బాగా కనిపించింది. 2018లో అదే బృందం 127 కుటుంబాలతో పనిని ఇంకాస్త పెద్దది చేసింది. ముందు రెండు వారాలు పుస్తకం, తర్వాత రెండు వారాలు ఇంట్లో రోజూ రుచి. కూరగాయల పుస్తకం చూసిన పిల్లలకు ఆ కూరను అలవాటు చేయడం తల్లిదండ్రులకు తేలికైంది. నెలలు గడిచాక కూడా ఆ మేలు మిగిలింది.

అక్కడ లీక్ అనే ఉల్లి జాతి కూరతో చేసిన పనిని మన ఇంట్లో బీరకాయతో చేసుకోవచ్చు. బీరకాయను ఎంచుకోవడానికి కారణం ఉంది: అది చేతికి చాలా చెబుతుంది. బొమ్మలో బీరకాయ ఆకుపచ్చగా, పొడుగ్గా ఉంటుంది. అంతకంటే కాగితం ఏమీ చెప్పలేదు. కాయను చేతికిస్తే పైనుంచి కిందిదాకా గరుకు గరుకు గట్లు తగులుతాయి. మామూలుగా అవి పది. నాలుగేళ్ల బిడ్డ వేలు పెట్టి లెక్కపెడుతుంది, మొదలెక్కడ పెట్టిందో మరిచిపోయి పదకొండు, పన్నెండు దాకా పోతుంది. మొదటి గట్టు మీద పసుపు బొట్టు పెడితే లెక్క సరిపోతుంది. గుండ్రంగా లెక్కపెట్టేటప్పుడు మొదలు గుర్తుంచుకోవాలన్నది చిన్న గణిత పాఠం, అక్కడికక్కడే దొరికింది. చెక్కు తీస్తే గరుకంతా పోయి లోపల మెత్తగా ఉంటుంది. అడ్డంగా కోస్తే తెల్లటి గుజ్జు, గింజల అరలు. అమ్మ ఒక ముక్క కొరికి చూసి గాని కోయదు, ఎందుకంటే చేదు కాయ ఒక్కటి పడినా కూరంతా పాడవుతుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాల వల్ల. దోస, సొర జాతి మొక్కలు తమను తినే పురుగుల నుంచి కాపాడుకోవడానికి వాటిని తయారు చేసుకుంటాయి. ‘అమ్మ ఎందుకు కొరికింది?’ అని అడిగే బిడ్డకు ‘చేదేమోనని చూశా’ అన్న జవాబు చాలు. ముందు ఊహించు, తర్వాత పరీక్షించు, ఆపైన నమ్ము అనే పద్ధతిని ఆ బిడ్డ కళ్లారా చూసింది. సాయంత్రం పుస్తకంలో అదే బొమ్మ దగ్గర వేలు పెట్టి ‘గరుకు’ అంటే, కాగితం మీద లేని గరుకును బిడ్డ ఎక్కడి నుంచి తెచ్చిందో మనకు తెలుసు.

పిల్లలు తామే వండితే ఎక్కువ తింటారా అన్న ప్రశ్నకు స్విట్జర్లాండ్‌లో జరిగిన ఒక ప్రయోగం జవాబిస్తుంది. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు 47 మంది ఉన్నారు. కొందరు అమ్మానాన్నలతో కలిసి వండారు, మిగతావారికి పెద్దలే వండిపెట్టారు. కలిసి వండినవారు సలాడ్ 76 శాతం ఎక్కువగా, అంటే దాదాపు 42 గ్రాములు ఎక్కువగా తిన్నారు. కోడిమాంసం కూడా 27 శాతం ఎక్కువే తిన్నారు. ఆ పరిశోధన ఒక ఆహార కంపెనీ సొంత పరిశోధన కేంద్రంలో జరిగిందనీ, పిల్లలు మొత్తం మీద ఎక్కువ కేలరీలు తిన్నారనీ కూడా గుర్తుంచుకోవాలి. వండిన చేతికి ఆకలి ఎక్కువ, ఏది వండిస్తామన్నదే మన చేతిలో ఉంది.

తిండికి మించి వంట నేర్పేది ఇంకా ఉంది. పొడుగు గ్లాసులోని నీళ్లను వెడల్పు గిన్నెలోకి వంచితే నీళ్లు తగ్గాయని నాలుగేళ్ల పిల్లలు గట్టిగా నమ్ముతారని స్విస్ శాస్త్రవేత్త జాన్ పియాజే చూపించాడు. ఆరేడేళ్లకు గాని ఆ నమ్మకం సడలదు. సోలెడు కందిపప్పును గ్లాసులోంచి పళ్లెంలోకి, పళ్లెంలోంచి మళ్లీ గ్లాసులోకి పోసే ఆట ఆ బిడ్డకు ఎన్ని రోజులైనా విసుగు పుట్టించదు. అది పప్పు పాడుచేయడం కాదు, రాశి ఆకారంతో మారదన్న సత్యాన్ని చేతులతో తవ్వుకోవడం.

దోసెల పిండి మరీ మంచి పాఠం. మూడు వంతుల బియ్యం, ఒక వంతు మినప్పప్పు నానబెట్టి రుబ్బిన పిండిని గాజు సీసాలో సగానికి పోసి, పిండి ఎంత ఎత్తుందో బిడ్డ చేతనే సీసా మీద గీత గీయించాలి. రాత్రంతా ల్యూకోనాస్టాక్ వంటి బాక్టీరియా పిండిలోని చక్కెరలను తిని ఆమ్లాన్నీ కార్బన్ డయాక్సైడ్‌నూ విడుదల చేస్తాయి. మినపపిండి జిగురు ఆ వాయువును బుడగలుగా పట్టి ఉంచుతుంది. తెల్లారేసరికి పిండి గీత దాటి ఉంటుంది. చలికాలంలో అదే గీత దగ్గర ఆగిపోతుంది. ‘ఎందుకు?’ అని బిడ్డ అడిగితే వెంటనే జవాబు చెప్పకూడదని నా అభిప్రాయం. రేపు ఒక సీసాను కిటికీ దగ్గర, మరోదాన్ని పొయ్యి గట్టు దగ్గర పెట్టి చూద్దాం అనాలి.

ఇలాంటివి మన వంటింటి నిండా ఉన్నాయి. పూరీ పొంగడం లోపలి తేమ ఆవిరి కావడం వల్ల. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. పోపులో ఆవాలు చిటపటమనేదీ లోపలి తేమ వల్లే. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. క్షారం తగిలితే రంగు మార్చుకునే గుణం పసుపులోని కర్‌క్యుమిన్‌ది. దిష్టి తీసే ఎర్రనీళ్ల రహస్యమూ అదే, అక్కడ సబ్బుకు బదులు సున్నం. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వరాదు. కళ్లలో పడితే చూపుకే ప్రమాదం.

పిల్లలు సాయం చేస్తామంటే పని రెట్టింపవుతుందని ఎవరికైనా తెలుసు. అయినా ఆ కోరికను చులకన చేయకూడదు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో 2006లో ప్రచురించిన జర్మనీ ప్రయోగంలో, 18 నెలల పిల్లల ముందు పెద్దవాళ్లు అందని వస్తువు కోసం తంటాలు పడటం లాంటివి నటించారు. 24 మంది పిల్లల్లో 22 మంది ఎవరూ అడగకుండానే కనీసం ఒక్కసారైనా వెళ్లి సాయం చేశారు. గ్వాటెమాలా దేశంలోని మాయా పల్లెల్లో దశాబ్దాలు గడిపిన బార్బరా రోగోఫ్, అక్కడి తల్లులు రొట్టెలు చేస్తూ పసివాళ్లకు చిన్న పిండిముద్ద ఇవ్వడాన్ని వర్ణించింది. బిడ్డ తట్టిన వంకరటింకర రొట్టెను కూడా పెనం మీద వేసి కాలుస్తారు, తింటారు. మన ఇళ్లలో కూడా చపాతీల పూట పిల్లలకు ఉండ ఇస్తాం. కానీ దాన్ని ఆడుకోవడానికి ఇచ్చి, నల్లబడ్డాక పారేస్తాం. చేతులు కడిగించి, వాళ్లు ఒత్తినదాన్ని కూడా కాల్చి నాన్న కంచంలో వేస్తే ఆ పని ఆట కాదని బిడ్డకు తెలుస్తుంది.

జాగ్రత్తల విషయంలో మాత్రం రాజీ లేదు. చిన్నపిల్లలకు కాలిన గాయాలు ఎక్కువగా వేడినీళ్లు, టీ, పప్పుచారు, నూనె ఒలికినప్పుడే అవుతాయి. కాబట్టి పిల్లల పని పొయ్యికి దూరంగా, నేల మీదో, తక్కువ ఎత్తు బల్ల మీదో సాగాలి. ఒలవడం, కడగడం, తుంచడం, కలపడం, పిసకడం ఇవ్వాలి. పోపు, వేపుడు చూడటానికి కూడా దూరమే మంచిది. కాలితే పేస్టూ, సిరా పూయకుండా 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, శనగలు, ముక్కలుగా కోయని ద్రాక్ష ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు.

ఈ మాటలన్నీ చదువుతున్న తల్లికి ‘ఇదీ నా మీదే పడిందా’ అనిపిస్తే అది న్యాయమైన బాధే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. ఇంట్లో మగవాళ్లు వంటింటి గడప దాటకుండా, పిల్లలతో కలిసి వండండని తల్లులకు చెప్పడం అన్యాయం. ఆదివారం నాన్న ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కొడుకు కొత్తిమీర తుంచడం, రాత్రి తాతయ్య బొమ్మల పుస్తకం చదవడం పరిశోధన దృష్టిలో ఏమాత్రం తక్కువ కాదు.

పుస్తకాలకు కొరత ఉందన్న మాట నిజమే గాని, ఇరవై ఏళ్ల కిందటి పరిస్థితి ఇప్పుడు లేదు. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ తక్కువ ధరకు తెలుగు బొమ్మల పుస్తకాలు వేస్తోంది. చెన్నైలోని తూలిక తెలుగు సహా పలు భాషల్లో పిల్లల పుస్తకాలు తెచ్చింది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. తెలుగు ఇంటి కూరగాయల మీద మాత్రం సొంత పుస్తకం చేసుకోవడమే మేలు. పందిరి మీద బీరపువ్వు, రైతు బజారులో కుప్ప, తక్కెడలో కాయ, కత్తిపీట పక్కన ముక్కలు, బాణలిలో కూర, కంచంలో ముద్ద: ఫోన్‌తో తీసిన ఈ ఆరు ఫొటోలు ముద్రించి, దారంతో కుట్టి, కింద పెద్ద అక్షరాలతో ఒక్కో మాట రాస్తే చాలు. రీడింగ్ పరిశోధకులు వాడిన పుస్తకం కూడా ఇంచుమించు ఇదే.

ఇళ్లకు వెలుపల ఈ పనికి సిద్ధంగా ఉన్న చోటు ఒకటుంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు పనిచేస్తున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ బడి ముందు చదువూ, వేడి భోజనమూ ఒకే కప్పు కింద అందుతాయి. గోడ మీద కూరగాయల చార్టు ఉంటుంది, ఆ గోడకు అవతల అవే కూరగాయలు ఆయా చేతిలో తరగబడుతుంటాయి. పొద్దున పిల్లలు చార్టులో ‘సొరకాయ’ అని వల్లెవేస్తారు, మధ్యాహ్నం పప్పులో దాన్ని గుర్తుపట్టకుండా తింటారు, లేదా ఏరి పక్కన పెడతారు. కావలసిన మార్పుకు కొత్త బడ్జెట్ అక్కరలేదు. కత్తిపీట ఎక్కే ముందు ఆ రోజు వండబోయే కాయను ఒక్క పది నిమిషాలు పిల్లల మధ్యకు తెచ్చి, చేతి నుంచి చేతికి తిప్పి, బరువు చూడనిచ్చి, వాసన చూడనిచ్చి, చార్టులోని బొమ్మ పక్కన పట్టుకుని ‘ఏది పెద్దది?’ అని అడిగి, మళ్లీ ఆయాకు అప్పగించాలి. అన్నం వడ్డించేటప్పుడు టీచరు పప్పులోంచి ఒక ముక్కను గరిటెతో పైకి తీసి, ‘పొద్దున మనం పట్టుకున్నది ఇదే, ఇప్పుడెందుకు ఇంత మెత్తగా ఉంది?’ అని అడిగి, పిల్లలు చెప్పేదాకా ఆగాలి.